మల్లేశ్వర్ సారు ముఖం

మల్లేశ్వర్ సారుకు ముక్కు మీద బంగారు ఫ్రేము కండ్లద్దాలున్నయి, శంషాబాద్‌ల రెండంతస్తుల స్టూడియో ఉన్నది, సిటీ దాకా పేరున్నది. లేనిది ఒక్కటే, సిగ్గు. ఈ ముక్క మనీష లోపల్లోపల ఎన్నిసార్లు అనుకున్నదో! పైకి మాత్రం 'సరే సార్' అన్నది. ఏండ్లకేండ్లు 'సరే సార్' అనుకుంటనే బతికింది.

సారుది కామిక్స్ స్టూడియో. పిల్లల పుస్తకాలకు, ఫోన్లల్ల చదివే కథలకు బొమ్మలు గీసిచ్చుడు వాళ్ల పని. గీసేది మనీష, మధు, ఇంకిద్దరు. కింద సంతకం మాత్రం సారుది. గోడ నిండ అట్టలు అంటించి ఉంటయి. హీరో కన్ను గిట్లుండాలె, రాణి జడ గట్లుండాలె, రాక్షసుని కోర ఇంత వంకర తిరగాలె. ఆ అట్టలు చూసి దించాలె, అంతే. దించుట్ల మనీష దిట్ట. జపానోళ్ల బొమ్మల లెక్క సాసరంత కండ్లు గావాల్నా? తయారు. పాత పిల్లల పత్రికల లెక్క సన్నగీతల రాజకుమారి గావాల్నా? జర కూసో, చాయ్ తాగేలోపు అయితది. సారు గీతకు మనీష గీతకు తేడా సారుకే తెల్వకపోతుండె. పిచ్చిది, గదే తన గొప్పతనం అనుకున్నది.

ఆ ధైర్యంతోనే ఓ సొంత కథ గీసుకున్నది. తొండుపల్లిల వాళ్ల ఇంటి మీదికెల్లి విమానాలు దిగుతయి. ఆ చప్పుడుకు పాలియ్యని బర్రె, ఆ బర్రెను బతిలాడుకుంట వెనక తిరిగే ఓ ముసలవ్వ, గదీ కథ. స్టూడియో పని అయినంక ఇంటికొచ్చి గీసింది, సెలవుల్ల గీసింది. గీసి, ఫైల్‌ల పెట్టి, సారు టేబుల్ మీద పెట్టింది.

సారు అందరి ముందటనే పేజీలు తిప్పిండు.

"ఈ కళ్ళు జపానువి కదమ్మా" అన్నడు. ఇంకో పేజీ తిప్పిండు. "ఈ ముక్కులు బెల్జియం వాళ్ళవి." ఇంకోటి. "ఈ చీర కుచ్చిళ్ళు నావి." ఫైల్ మూసిండు. "అన్నీ బాగున్నాయి తల్లీ. ఇందులో నీదేది? నీకు చెయ్యి లేదమ్మా, జిరాక్సు మిషనుంది. పోనీలే, లోకానికి మిషన్లు కూడా కావాలిగా."

అంటుంటె ఆయన పై పెదవి ఎడమ దిక్కు జర పైకి లేచింది. ఎదుటి మనిషిని కోసేటప్పుడు ఆ పెదవి గట్లనే లేస్తది. అది నవ్వు గాదు, కోపం గాదు. నువ్వు కిందున్నవ్, నేను మీదున్న అని చెప్పుడు. మధు తల వంచుకున్నడు. చాయ్ పట్టుకొచ్చిన సారు భార్య శ్రీలత మేడం గుమ్మంలనే ఆగిపోయింది. కప్పులు టేబుల్ మీద పెట్టి లోపలికి పోయింది.

మనీష ఆ నెలనే పని మానేసింది. మానేస్తె మంట చల్లారుతదనుకున్నది. ఏడ చల్లారుతది! తిట్టినోడు అబద్ధం చెప్పి తిట్టిండంటె, పోరా నీ మొఖం అని మర్చిపోవచ్చు. వాడు నిజం చెప్పి తిట్టిండు. ఇంట్ల మంచం మీద పేజీలన్ని పరుచుకొని చూసింది. కండ్లు జపానువే. ముక్కులు వాళ్లవే. కుచ్చిళ్లు అచ్చంగ వాడివే. ముసలవ్వ నిలబడ్డ తీరు సుత ఎప్పుడో ఎవరిదో పుస్తకంల చూసిందే.

ఇగ అప్పటి సంది పట్టుకున్నది పిచ్చి. తన గీత ఏదో తేల్చుకోవాలె. పెన్సిల్ పారేసి బొగ్గుతోని గీసింది. ఎడమ చేత్తోని గీసింది, ఎడమ చెయ్యి కూడ సీదా జపాన్‌కే పోయింది. కండ్లు మూసుకొని గీసింది, తెరిచి చూస్తె మళ్ల సారు కుచ్చిళ్లు. కాయితాలు చింపింది, చింపిన కాయితాల మీద ఏడ్చింది. ఎయిర్‌పోర్ట్ కాడ తోటపని చేసే వాళ్ల బాపు జంగయ్య పనికెల్లి వచ్చి, ఆ ముక్కలల్ల ఒకటి ఏరి చూసిండు.

"మంచిగనే ఉన్నది గద బిడ్డా. బొమ్మ బొమ్మ లెక్కనే ఉన్నది. ఇంకేం గావాలె?"

"నా లెక్క ఉండాలె బాపు."

"నీ లెక్క ఉంటె ఏమొస్తది?"

ఏమొస్తదో మనీషకూ తెల్వదు. అది లేకుంటె మాత్రం మల్లేశ్వర్ అన్నదే ఖాయమైతదని తెలుసు. తను మిషనే అయితది. వాడు అన్న మాట మీద తను జీవితమంత నడవాలె. గది తలుచుకుంటె అన్నం లోపలికి పోకపోతుండె.

పాల్మాకుల కాడ బెంగుళూరు రోడ్డు పక్కన తారాబాయి దుకాణం ఉన్నది. బూడిద గుమ్మడికాయలు, నల్ల తాళ్లు, నిమ్మకాయ మిరపకాయల దండలు, రేకు మీద రంగులేసిన దిష్టిబొమ్మలు అమ్ముతది. ఆ దిక్కు ఏడ చూసినా బిల్డింగులు లేస్తున్నయి, లేసిన ప్రతి బిల్డింగుకూ ఓ దిష్టిబొమ్మ గావాలె. తారాబాయి మనీష వాళ్లమ్మకు చిన్నప్పటి దోస్తు. ఓ రోజు మనీష బండి మీద పోతుంటె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఓ పిల్లా, నీకు బొమ్మలొస్తయట గదనే. నా రేకులు గీసేటాయన ఊరికి పోయి వస్తలేడు. జర నువ్వు గీసియ్యరాదు?"

"మిషన్ల కొట్టినయి దొరుకుతయి గదక్కా."

"తెచ్చిన. ఎవ్వలు కొంటలేరు. అచ్చుబొమ్మకు కండ్లుండయే, అది దిష్టినేం ఆపుతది?"

మనీషకు ఆ మాట గుచ్చుకున్నది. బండి స్టాండ్ వేసి కూసున్నది. ఎనామిల్ పెయింటు డబ్బా, బొటనవేలంత మందం బ్రష్షు, నల్ల రేకు. పెన్సిల్ ఆనదు, రబ్బరు పనికిరాదు. లారీ పోయినప్పుడల్ల రేకు గడగడ వణుకుతది. అయినా అలవాటైన చెయ్యి గదా, స్టూడియో అట్ట మీది రాక్షసున్ని చక్కగ దించేసింది. కోర వంకర కొలిచినట్టు వచ్చింది.

తారాబాయి నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసింది. "గిదేందే? గీన దిష్టి ఆపెటందుకు వచ్చిండా, పెండ్లి చూపులకు వచ్చిండా? మీసాలు దువ్వుకొని మరీ కూసున్నడు."

"రాక్షసుడే అక్కా."

"రాక్షసుడైతె నాకెందుకు భయమైతలేదు? చూడు బిడ్డా, నీకు గిట్టనోడు ఎవడన్న ఉన్నడా? ఉంటె వాన్ని తల్సుకో. వాని ముఖం మీద కొమ్ములు పెట్టు, కోరలు పెట్టు, నాలుక బయటికి గుంజు. గప్పుడు చూద్దాం."

గిట్టనోడు ఉన్నడా అని ఎవరిని అడుగుతున్నదామె! మనీష రేకు తిప్పేసి, వెనక దిక్కు బ్రష్షు పెట్టింది. ముందుగాల ఆ పెదవి వేసింది. ఎడమ దిక్కు లేచిన పెదవి. ఆ పెదవి పడంగనే మిగిలిన ముఖమంత దాని చుట్టు దానంతట అదే వచ్చి కూసున్నది. కండ్ల కింద వేలాడే సంచులు, జర చిన్నగున్న కుడి కన్ను, ముక్కు కొస మీదికి జారిన కండ్లద్దాలు, నడిమిట్ల గుంటున్న గదుమ. బ్రష్షు మొదలుపెట్టిన కాడ గీత లావుగ పడ్డది, పోను పోను సన్నబడ్డది, లారీ పోయిన కాడ వణికింది. నున్నగ లేదు, అందంగ లేదు. ఏడ ఊపిరి బిగబట్టిందో, ఏడ ఇడిసిందో గీత చూస్తె తెలుస్తది. కొమ్ములు పెట్టింది. కోరలు పెట్టింది. ఎర్ర నాలుక గదుమ కింది దాక దించింది.

తారాబాయి ఓ అడుగు వెనక్కేసింది. "అమ్మో! వీడెవడే?"

"ఉన్నడు ఒకడు" అన్నది మనీష. గా గీత జపాన్‌ది గాదు, బెల్జియంది గాదు, ఏ అట్ట మీదిదీ గాదు. పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి, ఇంతకు ముందు చూడని గీత చూసింది.

రంగు ఆరకముందే దాన్ని బుచ్చయ్య అనే మేస్త్రీ కొనుక్కపోయిండు. మర్నాడొచ్చి గట్లాంటియే ఇంకా గావాలన్నడు, తను కట్టే బిల్డింగులన్నిటికి. మిగిలిన మేస్త్రీలు సుత అడుగుడు మొదలుపెట్టిండ్రు. మనీష రోజూ పొద్దున పాల్మాకులకు పోయి కూసునుడు, మల్లేశ్వర్‌ను గీసుడు. లావు కోరల మల్లేశ్వర్, ఒంటి కొమ్ము మల్లేశ్వర్, నాలుక మీద తేలు కూసున్న మల్లేశ్వర్. కొన్నాళ్లకు షాద్‌నగర్ దాక వాడే వేలాడుతున్నడు.

అబ్బ, ఆ సంబురం చెప్పతరం గాదు! బండి మీద పోతు పోతు ప్రతి బిల్డింగు కాడ పలకరిస్తుండె. "సార్, ఎండ మంచిగున్నదా? సార్, వాన పడ్డది గద, కండ్లద్దాలు తుడుచుకున్నరా?" ఓ చోట కాకి వచ్చి కొమ్ము మీద కూసొని సారు ముక్కు మీద రెట్టేసింది. ఆ రోజు మనీష అన్నం మారు పెట్టిచ్చుకొని తిన్నది. పాపం అనిపియ్యలే. ఇంకా వెయ్యాలె అనిపిచ్చింది.

గాని ఇంటికొచ్చి తెల్ల కాయితం ముంగట కూసుంటె మళ్ల మొదటికే. తారాబాయిని గీద్దామని కూసున్నది. ఎంత మంచి ముఖం ఆమెది, ఎండకు కమిలి, పాన్ నమిలి, నవ్వితె ముడుతలన్ని ఒక్కకాడికి వచ్చే ముఖం. గీసి చూస్తె స్టూడియో అట్ట మీది రాణి, కాకపోతె జర ముసలిది. బర్రెను గీసింది, బాపును గీసింది. ఎవ్వలు రాలే. కొమ్ములు, కోరలు, లేచిన పెదవి ఉంటెనే ఆ గీత దిగుతది. అవి తీసేస్తె మిషన్.

గిది అసలు మంట. అంటె ఆ గీత నాదా, నా పగదా? వాన్ని తిట్టుకుంటెనే వస్తది అంటె, గది కూడ వాడు పెట్టిన భిక్షమేనా? నా చెయ్యి సుత వాని దగ్గర్నే ఉన్నదా? మనీష కాయితం ఉండ చుట్టి గోడకేసి కొట్టింది.

గట్లున్నప్పుడు మధు ఫోన్ చేసిండు. నవ్వుతున్నడో దగ్గుతున్నడో తెల్వని గొంతు.

"మనీషా, సార్ కొత్త పుస్తకం చూసినవా? బస్టాండ్ కాడ ఫ్లెక్సీ పెట్టిండ్రు, పోయి చూడు."

పోయి చూసింది. ఫ్లెక్సీ నిండ ఆమె దిష్టిబొమ్మ. ఆమె గీత, ఆమె కొమ్ములు, ఆమె వేసిన లేచిన పెదవి. కింద ఇంతింత అక్షరాలు: 'ఇన్నేళ్ళ అన్వేషణ తర్వాత నాకు దొరికిన నా సహజమైన గీత - మల్లేశ్వర్'.

మనీష రోడ్డు మీదనే మధుకు ఫోన్ కొట్టింది. "ఏందిరా గిది? ఎట్లొచ్చింది వానికి?"

"సార్ పాల్మాకుల కాడ కొత్తిల్లు కట్టుకుంటున్నడు గద. మేస్త్రీ బుచ్చయ్య ఓ దిష్టిబొమ్మ తగిలిచ్చిండు. సార్ రోజూ పోయి దాన్నే చూస్తుండె. ఫొటో తీసి, అట్ట చేసి, గోడకు అంటిచ్చి, మాతోని పుస్తకమంత గట్లనే గీపిచ్చిండు. నువ్వు గీసిందని నాకు చూడంగనే తెలిసింది."

"అది వాని ముఖమేరా!"

"మాకు తెలుసు. స్టూడియో అంతటికి తెలుసు."

"వానికి తెల్వదా? రోజూ అద్దం చూసుకోడా?"

"అద్దంల ఆ పెదవి లేవదు గద మనీషా" అన్నడు మధు. "అద్దంల ఉన్నోడు ఆయనకంటె చిన్నోడు కాదాయె. ఆ ముఖం మేం చూసినం, నువ్వు చూసినవ్. ఆయనొక్కడే చూసుకోలే. ఇగ ఎవరు చెప్పాలె, చెప్పినోడు ఏడ బతకాలె?"

మనీషకు నవ్వొచ్చింది. నవ్వు ఆగినంక ఫ్లెక్సీ కింది అక్షరాలు మళ్ల చదివింది. ముఖం వానిదైతె అయింది, గీత తనది. దొరక్క దొరక్క దొరికిన ఒక్క గీత. గా పుస్తకం అచ్చయి బయటికొస్తె అది వాని గీత అయిపోతది. రేపు తను గీస్తె, గిది మల్లేశ్వర్ సారును చూసి దించిందంటరు. మళ్ల మిషన్! ఈసారి వాడు నోటితోని అనాల్సిన పని కూడ ఉండది.

పుస్తకం ఆవిష్కరణ శంషాబాద్‌ల ఓ ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు. మధు పాసులు పంపిండు. మనీష తారాబాయిని తీసుకొని పోయింది. హాల్ నడుమ నిలబడి గీత నాదని మొత్తుకుంటె సాక్షం పలికేటందుకు ఒక మనిషి ఉండాలె గద. తారాబాయి పట్టుచీర కట్టుకొని, పాన్ బయట ఉమ్మేసి వచ్చింది. బొమ్మల ఉన్నది ఎవడో ఆమెకు అప్పటిదాక తెల్వదు.

స్టేజీ వెనక ఇంటెత్తు దిష్టిబొమ్మ ఫ్లెక్సీ. పక్కన పిల్లల బొమ్మల పోటీకని స్టాండు మీద పెద్ద తెల్ల కాయితం బిగిచ్చి పెట్టిండ్రు. ముంగటి వరుసల శ్రీలత మేడం కూసున్నది. మల్లేశ్వర్ సారు సిల్కు లాల్చీ వేసుకొని మైకు కాడికి వచ్చిండు. "నా గీత కోసం నేను పడని తపన లేదు" అన్నడో లేదో, మైకు కీచుమన్నది. సారు ఆగిండు. మైకు సెట్టు కాడ కూసున్న మనిషి దిక్కు తిరిగిండు.

"ఏమయ్యా, ఇది కూడా చేతకాదా నీకు?"

పెదవి లేచింది. ఎడమ దిక్కు. వెనక ఫ్లెక్సీ మీద అదే పెదవి, అదే దిక్కు, అంతే ఎత్తు. అవే సంచులు, అదే గుంట గదుమ, జారిన అవే కండ్లద్దాలు. హాలంత చూసింది.

"ఓ పిల్లా!" అని మొత్తుకున్నది తారాబాయి. ఆమె గొంతు హైవే మీద లారీలను దాటిన గొంతు. "గీ సారేనే మన దిష్టిబొమ్మ! కొమ్ములొక్కటే తక్కువ!"

మొదలు నవ్వింది శ్రీలత మేడం. పైట నోటికి అడ్డం పెట్టుకున్నది గాని ఆగలే. ఆమె నవ్వంగనే ఇగ హాలంత గొల్లుమన్నది. సారు వెనక్కి తిరిగి ఫ్లెక్సీ దిక్కు చూసిండు, మళ్ల ముంగటికి చూసిండు, మళ్ల ఫ్లెక్సీ దిక్కు చూసిండు. అప్పుడు అర్థమైంది ఆయనకు. ముఖంల నెత్తురు చుక్క లేదు. మనీష కుర్చీల కూసొని ఆ ముఖాన్ని కడుపునిండ చూసుకున్నది.

ఐదు నిమిషాలు విరామమని ఎవరో చెప్పిండ్రు. సారు జనంల తారాబాయి పక్కనున్న మనీషను పట్టుకొని స్టేజీ పక్కకు లాక్కపోయిండు.

"నువ్వేనా? నువ్వే కదూ? అమ్మా, నా పరువు తీయకు. అది నీ బొమ్మేనని చెప్పు, సరదాకి గీశానని చెప్పు. పుస్తకం మీద నీ పేరు వేస్తాను. నీ పేరే వేస్తాను, సరేనా?"

ఏండ్లకేండ్లు దాసిన పేరును వాడే చేతుల పెట్టి దండం పెడుతున్నడు. మనీష ఊరికె తీసుకుంటదా!

"ముఖం ఎవరిదో మీరు మైకుల చెప్పుండ్రి సార్. గీత ఎవరిదో నేను చెప్త."

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల పెట్టుకున్నడు. స్టేజీ ఎక్కిండు. మనీష స్టేజీ పక్కనే నిలబడి చూసింది. చెప్తడు. నోటితోని చెప్తడు. ఇగ వాడు పోయినట్టే.

"ఈ ముఖం నాదేనండీ!" అన్నడు మల్లేశ్వర్, రెండు చేతులు చాపి. గొంతుల తేనె కారుతున్నది. "తనను తాను చూసుకుని నవ్వుకోలేనివాడు కళాకారుడెలా అవుతాడు? ఇదిగో, ఈ అమ్మాయి మనీష, నా శిష్యురాలు. నేనే చెప్పాను తనకి. ఎవరినో ఎందుకమ్మా, నన్నే రాక్షసుణ్ణి చేసి గీయి అని!"

హాల్ చప్పట్లతోని దద్దరిల్లింది. ఎంత పెద్ద మనసు అన్నరు పక్కల ఉన్నోళ్లు. కొందరు లేచి నిలబడ్డరు. మైకు మనీష చేతికిచ్చిండ్రు. "గీత నాది" అన్నది. దానికి కూడ చప్పట్లు కొట్టిండ్రు, బడిల ప్రైజు వచ్చిన పిల్లకు కొట్టినట్టు. సారు చెయ్యి ఆమె భుజం మీద పడ్డది, ఫొటోలు తీసిండ్రు. షాద్‌నగర్ దాక వేలాడగట్టిన పగంతా వాడు పూలదండ చేసి మెడల వేసుకున్నడు! మనీషకు ఏడుపొచ్చింది. వాన్ని ఆ మైకుతోనే కొట్టాలనిపిచ్చింది.

"అందరి ముందూ ఒకటి గీయమ్మా" అన్నడు సారు, స్టాండు మీది తెల్ల కాయితం చూపిచ్చి. "కొమ్ములు కాస్త పెద్దవి పెట్టు!"

జనం మళ్ల నవ్విండ్రు. మనీష లావు మార్కర్ తీసుకొని కాయితం ముంగట నిలబడ్డది. తెల్ల కాయితం. ఇంట్ల ఎన్నిసార్లు మోసం చేసిందో గిదే తెల్ల కాయితం. కొమ్ములతోని మొదలుపెడితె చెయ్యి ఆగదు, తెలుసు. కొమ్ముల కాడికి మార్కర్ లేపింది కూడ. లేపి ఆగింది. కొమ్ములుంటె అది ఆట. జనం కొమ్ములు చూసి నవ్వుతరు, ఆ నవ్వుల నడుమకెల్లి వీడు జారుకుంటడు. వీడికి కొమ్ములే గావాలె. వీడికి కొమ్ములియ్యద్దు.

మరేం గీయాలె? సారు దిక్కు తిరిగి చూసింది. ఆయన ఫొటోలోళ్ల కోసం నవ్వు పట్టుకొని నిలబడ్డడు. గంతల ముంగటి వరుసల శ్రీలత మేడం బయటికి పోదామని లేచింది. సారు ఆమె దిక్కు చూసిండు. నవ్వు నవ్వు లెక్కనే ఉన్నది, పెదవి మాత్రం రవ్వంత లేచింది, కండ్లు కూర్చో అన్నయి. మేడం కూసున్నది. చీర కొంగు సర్దుకొని, చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ఎవ్వలు చూడలే. మనీష చూసింది.

ఇగ చెయ్యి కదిలింది. కొమ్ముల్లేవు, కోరల్లేవు, నాలుక లేదు. నవ్వుతున్న ఓ పెద్దమనిషి, సిల్కు లాల్చీ, మంచిగ దువ్విన తల. ఆ నవ్వుల రవ్వంత లేచిన పెదవి. ఎవరినో కూసోబెట్టే కండ్లు. గీత లావుగ మొదలైంది, సన్నబడ్డది, ఊపిరి బిగబట్టిన కాడ ఆగింది, మళ్ల నడిచింది. రేకు మీద నడిచిన గీతే గది. అట్ట లేదు, కొమ్ము లేదు, అయినా వచ్చింది. తిట్టుకుంట గాదు, చూసుకుంట గీసింది. కోపం కడుపుల ఉన్నది, ఏడికీ పోలే, గాని చెయ్యిని అది నడుపుతలేదు. కింద మనీష అని రాసి పక్కకు జరిగింది.

హాల్ల ఎవ్వలు నవ్వలే. చప్పట్లు కొట్టలే. చంకల పసిపిల్లను ఎత్తుకున్న ఓ తల్లి, ఆ పిల్ల ముఖాన్ని తన భుజం దిక్కు తిప్పుకున్నది.

మల్లేశ్వర్ దగ్గరికొచ్చి చూసిండు. చాలాసేపు చూసిండు.

"ఇది నేను కాదు" అన్నడు. గొంతుల తేనె లేదు. "సరిగ్గా రాలేదు. తీసేయండి దీన్ని."

కొమ్ములున్నదాన్ని చూసి నేనే అన్నోడు, కొమ్ముల్లేనిదాన్ని చూసి నేను కాదన్నడు. తీసేటందుకు ఎవ్వలు కదల్లే. మైకు మనిషి అయితే చేతులు కట్టుకొని బొమ్మ దిక్కే చూసుకుంట నిలబడ్డడు. సారు ఒక్కడే స్టేజీ దిగి, పక్క తలుపు తీసుకొని బయటికి పోయిండు. జనం నెమ్మదిగ లేసుడు మొదలుపెట్టిండ్రు. పుస్తకాల టేబుల్ కాడ ఎవ్వలు ఆగలే.

మనీష మార్కర్ మూత పెట్టుకుంటుంటె శ్రీలత మేడం స్టేజీ ఎక్కి వచ్చింది. బొమ్మ ముందు నిలబడ్డది. పెదవి గీసిన కాడ వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నది.

"ఈ బొమ్మ నాకిస్తావా అమ్మా?"

"మీకెందుకు మేడం?"

"మా అమ్మకు చూపిస్తాను. మా అన్నయ్యలకు చూపిస్తాను" అన్నది శ్రీలత. "ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. మీ ఆయన దేవుడమ్మా అంటారే తప్ప, ఒక్కరూ నమ్మలేదు."

మనీష కాయితం స్టాండుకెల్లి విప్పి, మడత పడకుండ చుట్టి, ఆమె చేతుల పెట్టింది.